డాష్‌బోర్డులో పెద్దవాళ్లకు అక్కర్లేనివి సీఎస్ఎస్‌తో దాచేయడం సరైనదేనా?

బరంపురం_పట్టు:
ఒడిశాలో మా బరంపురం తెలుగువాళ్ల చిన్న పత్రిక ఒకటి వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుపుతున్నాం. రాసేవాళ్లు పదకొండు మంది. అందులో ఎనిమిది మంది అరవై దాటినవాళ్లు, ఎక్కువమంది రిటైరైన మాస్టార్లు. బ్లాకుల ఎడిటర్ వాళ్లకు ఎక్కలేదు, అందుకని పాత పద్ధతిలో రాసుకునే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాం. లాగిన్ అవగానే వచ్చే డాష్‌బోర్డులో ఎడమవైపు నల్లపట్టీలో పొడుగాటి మెనూ, పైన ప్లగిన్లవాళ్ల ప్రకటనలు, అప్‌డేట్ చేయమని గోల, ఏది నొక్కితే ఏం పాడవుతుందోనని వాళ్లకి ఒకటే టెన్షన్. పోయిన దసరాకి ముందు నేను చిన్న సీఎస్ఎస్ ఫైలు (పేజీ ఎలా కనిపించాలో చెప్పేది) రాసి డాష్‌బోర్డుకి తగిలించాను. ప్లగిన్స్, అప్పియరెన్స్, టూల్స్, సెట్టింగ్స్ అన్నిటికీ డిస్‌ప్లే నన్, అంటే తెర మీద చూపించొద్దని. పైన వచ్చే నోటీసులకి కూడా అదే. తెర ఖాళీ అయింది. ఒక మాస్టారు ఫోన్ చేసి "ఇప్పుడు నోటుపుస్తకంలా ఉంది బాబూ" అన్నారు.

మొన్న మా కమిటీలో ఒకాయన ఇది తప్పుడు పద్ధతి, తీసెయ్ అన్నారు. నాకైతే తప్పేమీ కనిపించట్లేదు. రాసేవాడికి రాసే పెట్టె కనిపిస్తే చాలు కదా, మిగతాదంతా ఎందుకు? ఇలాంటి సైట్లు నడిపినవాళ్లు చెప్పండి.

వంశధార_గట్టు (గుణుపురం):
ముందు ఒకటి అడుగుతాను. ఆ మాస్టార్లకి ఏ రోల్ (సైట్లో ఎవరికి ఎంత అధికారమో చెప్పే హోదా) ఇచ్చావు తమ్ముడూ? రాసేవాళ్లకి ఆథర్ రోల్ ఇస్తే ప్లగిన్స్, అప్పియరెన్స్, సెట్టింగ్స్ అసలు కనిపించనే కనిపించవు. నువ్వు వాటిని దాచాల్సి వచ్చిందంటే అందరికీ అన్ని అధికారాలూ ఉన్న అడ్మినిస్ట్రేటర్ ఇచ్చావన్నమాట.

బరంపురం_పట్టు:
అవునన్నా, అందరికీ అదే ఇచ్చాను. ఆథర్ ఇస్తే ఒకరి వ్యాసంలో అచ్చుతప్పు ఇంకొకరు దిద్దలేకపోతున్నారు. మా దగ్గర దిద్దడమే సగం పని.

వంశధార_గట్టు:
దానికి ఎడిటర్ రోల్ ఉంది. ఎవరి వ్యాసమైనా దిద్దొచ్చు, ప్రచురించొచ్చు, ప్లగిన్ల జోలికి మాత్రం వెళ్లలేరు. ఇప్పుడు నీ సైట్లో ఉన్నది తాళం కాదు, తలుపు మీద వేసిన దుప్పటి. మెనూ కనిపించకపోయినా, అడ్రసు పట్టీలో డబ్ల్యూపీ-అడ్మిన్ పక్కన ప్లగిన్స్ డాట్ పీహెచ్‌పీ అని కొడితే ఆ పేజీ ఎంచక్కా తెరుచుకుంటుంది. మాస్టారు అలా కొట్టరు, నిజమే. కానీ ఆయన పాస్‌వర్డు ఏ నెట్ సెంటర్ కంప్యూటర్లోనో ఉండిపోతే? అది దొరికినవాడి చేతికి చిక్కేది పదకొండు అడ్మినిస్ట్రేటర్ తాళాల్లో ఒకటి.

వర్డ్‌ప్రెస్ రాసిన పీహెచ్‌పీ భాషలో మెనూ తీసేసే ఫంక్షన్ ఉంది కదా, అది వాడతానంటావేమో, దానిదీ ఇదే కథ. మెనూలోంచి పేరు పోతుంది, పేజీ మాత్రం తెరిచే ఉంటుంది. అధికారాన్ని నిర్ణయించేది రోలే.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
రోల్ విషయంలో గుణుపురం అన్న చెప్పింది ఒప్పుకుంటాను. కానీ సీఎస్ఎస్‌తో డాష్‌బోర్డు మార్చడమే తప్పన్నట్టు మాట్లాడకండి. మా బంధువుల కొట్టు సైటుకి లాగిన్ పేజీలో వాళ్ల గుర్తు, వాళ్ల రంగు పెట్టించాను, ఆ ఒక్క మార్పుతో "ఇది మనది" అన్న ధైర్యం వచ్చింది వాళ్లకి. రంగులకైతే సీఎస్ఎస్ కూడా అక్కర్లేదు, ఎవరి ప్రొఫైల్లో వాళ్లే రంగుల వరస ఎంచుకోవచ్చు, 2013 చివర్లో వచ్చిన 3.8 నుంచీ కాఫీ, ఓషన్, సన్‌రైజ్ లాంటివి అందులోనే ఉన్నాయి. నల్లపట్టీ చూసి భయపడేవాళ్లకి అందులోనే లైట్ అనే లేతరంగుల వరస పెట్టి చూడు.

రాయగడ_రైలు:
రోల్ కంటే నన్ను భయపెట్టింది "నోటీసులకి కూడా అదే" అన్న ముక్క. నోటీస్ అనే క్లాసుని (సీఎస్ఎస్ పట్టుకునే పేరు) మొత్తంగా దాచేశావా? ప్రకటన పెట్టే ప్లగిన్ వాడేదీ ఆ క్లాసే, వర్డ్‌ప్రెస్ తన సొంత హెచ్చరికకి వాడేదీ ఆ క్లాసే. క్లాసిక్ ఎడిటర్లో అప్‌డేట్ నొక్కాక పైన "పోస్టు అప్‌డేట్ అయింది" అని వచ్చే వరస కూడా దాంట్లోదే. మరి మీ మాస్టార్లకి సేవ్ అయిందో లేదో ఎలా తెలుస్తోంది?

ఇంకొకటి ఉంది, అది మరీ ముఖ్యం. రాస్తుండగా ప్రతి 60 సెకన్లకి ఆటోసేవ్ జరుగుతుంది. ఆల్రెడీ ప్రచురించిన వ్యాసమైతే ఆ ఆటోసేవ్ అసలు వ్యాసం మీద పడదు, విడిగా ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి మళ్లీ తెరిస్తే, "దీనికంటే కొత్త ఆటోసేవ్ ఉంది, చూడండి" అని పైన ఒక వరస వస్తుంది. అదీ నోటీసే. నువ్వు దాన్ని దాచేసి ఉంటే వాళ్ల రాత అక్కడ ఉందన్న సంగతే వాళ్లకి తెలియదు.

బరంపురం_పట్టు:
ఇది చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. కార్తీకంలో మా మాస్టారు ఒకాయన తన చిన్నప్పటి ఠాకురాణి యాత్ర గురించి రాసిన వ్యాసం అప్పటికే ప్రచురించాం. దానికి పులివేషాల ముచ్చట నాలుగు పేరాలు కలుపుతుంటే కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే ఆ నాలుగు పేరాలు లేవు. నాకు ఫోన్ చేస్తే "సేవ్ చేసి ఉండరు మాస్టారూ" అన్నాను. ఆయన పాపం నాదే పొరపాటు అనుకుని రెండు రోజులు కూర్చుని మళ్లీ రాశారు. ఆ పేరాలు అక్కడే ఉన్నాయని చెప్పే వరసని నేనే దాచేశాను. ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టగానే కొత్త ఆటోసేవ్ పాతదాని మీద పడింది, అవి ఇక దొరకవు. రెండోసారి రాసింది మొదటి దానంత బాగా రాలేదని ఆయనే అన్నారు.

ఇవాళ పొద్దున్న నోటీసుల్ని దాచే ఆ సీఎస్ఎస్ వరస తీసేశాను. ఎనిమిది మందినీ ఎడిటర్ రోల్‌కి మార్చాను. మాస్టారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

జయపురం_అక్క:
మంచి పని చేశావు నాన్నా. ప్రకటనలు నిజంగా విసిగిస్తుంటే ఆ ఒక్క ప్లగిన్ పెట్టుకున్న సొంత క్లాసు పేరు పట్టుకుని దాన్నొక్కదాన్నే దాచు, అందరూ వాడే పేరు మీద చెయ్యి వేయకు.

నేను అడగాలనుకున్నది వేరు. పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉన్నది మెనూలా, అక్షరాలా? డాష్‌బోర్డులో మామూలు అక్షరం 13 పిక్సెళ్లు, లైన్‌హైట్ (ఒక వరస ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.4. ఇంగ్లీషుకి సరిపెట్టిన కొలత అది. తెలుగుకి కింద వత్తులు, పైన గుడులు, పక్కన ఋకారాలు. "రాష్ట్రం" అని రాస్తే కింద రెండు వత్తులు పడతాయి, అవి వెళ్లి కింది వరస తలకట్టుని గుద్దుకుంటాయి. నా అనుభవంలో అక్షరం 16, లైన్‌హైట్ 1.8 పెడితే కళ్లు హాయిగా ఉన్నాయి. అందరికీ మార్చక్కర్లేదు కూడా. డాష్‌బోర్డు బాడీకి వాడేవాళ్ల భాషని బట్టి ఒక క్లాసు వస్తుంది, తెలుగు ఎంచుకున్నవాళ్లకి లొకేల్-టీఈ. నీ సీఎస్ఎస్ దానికింద రాస్తే తెలుగులో పనిచేసేవాళ్లకి మాత్రమే తగులుతుంది.

ఒక చిక్కుంది. క్లాసిక్ ఎడిటర్లో విజువల్ ట్యాబ్‌లో రాసే పెట్టె విడి ఫ్రేములో ఉంటుంది, డాష్‌బోర్డు సీఎస్ఎస్ దాని లోపలికి పోదు. దానికి థీమ్‌లో (సైటుకి రూపు ఇచ్చే ఫైళ్లలో) ఎడిటర్ స్టైల్ ఫైలు విడిగా ఇవ్వాలి. చాలామంది ఇక్కడే "నేను మార్చినా మారట్లేదు" అని విసిగిపోతారు.

వంశధార_గట్టు:
కంట్రోల్, ప్లస్ నొక్కితే బ్రౌజరే పెద్దది చేస్తుంది కదా అక్కా. ఇంత తతంగం ఎందుకు? ప్రతి పెద్ద అప్‌డేట్‌కీ డాష్‌బోర్డులో క్లాసుల పేర్లు మారే ప్రమాదం ఉంది, నీ ఫైలుని ఎవరు చూసుకుంటారు? కుర్రాడు రేపు ఉద్యోగానికి భువనేశ్వర్ పోతే?

జయపురం_అక్క:
జూమ్ చేస్తే అక్షరంతో పాటు వరస ఎడమూ అదే పాళ్లలో పెరుగుతుంది, వత్తు కింది వరసని గుద్దుకోవడం తగ్గదు. పెద్ద అక్షరాల్లో గుద్దుకుంటుంది అంతే. అప్‌డేట్ల మాట నిజమే, అందుకే లోపలి క్లాసుల జోలికి పోకుండా అక్షరం సైజు, లైన్‌హైట్, ఫాంటు, ఈ మూడింటితో ఆగమంటున్నాను. వీటిలో ఏది తగలకపోయినా తెర పాత రూపంలోకి వెళ్తుంది, పని ఆగదు. ఒక మెనూనో నోటీసునో దాచిన వరస గురి తప్పితే ఏమవుతుందో పైన చూశాం. ఫైలునీ, దాన్ని తగిలించే చిన్న పీహెచ్‌పీ ఫైలునీ ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్లో (వాటంతట అవే నడిచే ప్లగిన్ల చోటు) పెట్టి, ఏ వరస ఎందుకో లోపలే తెలుగులో కామెంటు రాసిపెట్టు. థీమ్ మారినా అది ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్లకీ అర్థమవుతుంది.

మహేంద్రగిరి:
ఫాంటు మాట వచ్చింది కాబట్టి, పత్రికకి గిడుగు ఫాంటు పెట్టండి. మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద ఉన్న ఫాంటు, ఉచితం, గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. ఒడిశాలో నడిచే తెలుగు పత్రికకి ఇంతకంటే ఏం కావాలి?

జయపురం_అక్క:
హెడ్డింగులకి తప్పకుండా పెట్టండి, అది పెద్ద అక్షరాల కోసం గీసిన ఫాంటు. వ్యాసం మొత్తానికి పెడితే చదవలేరు. లోపలికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టి, ప్రకటనలు ఒడియాలో కూడా వస్తాయి కాబట్టి దాని పక్కనే నోటో సాన్స్ ఒరియా రాయి. యూనికోడ్-రేంజ్‌లో (ఏ ఫాంటు ఏ అక్షరాలకో చెప్పే వరస) తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్, ఒడియాకి 0బీ00 నుంచి 0బీ7ఎఫ్ అని ఇస్తే పేజీలో ఒడియా లేనప్పుడు ఆ ఫాంటు దిగదు, పల్లెల్లో ఫోన్ మీద చదివేవాళ్లకి డేటా మిగులుతుంది. హెడ్డింగులకి థీమ్‌వాళ్లు లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) పెట్టి ఉంటే సున్నా చేసెయ్. తెలుగు మాట చెల్లాచెదురుగా కనిపిస్తుంది.

రాయగడ_రైలు:
ఈ ఫాంట్ల సంగతి పాఠకులకి కనిపించే పేజీల్లో అడిషనల్ సీఎస్ఎస్ పెట్టెలో రాసుకోవచ్చు, కానీ అది ఒక్కో థీమ్‌కి విడిగా దాచబడుతుంది. యాత్ర ప్రత్యేక సంచికకి థీమ్ మార్చి "రాసిందంతా పోయింది" అని కంగారుపడకు, పాత థీమ్‌కి తిరిగొస్తే అది అక్కడే ఉంటుంది. కొత్తదానికి కాపీ చేసుకో.

విశ్రాంత_ఉపాధ్యాయుడు (బరంపురం):
పులివేషాల వ్యాసం రాసినది నేనే. అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నాలుగు పేరాలు పోయినందుకు నాకు కోపం లేదు, తప్పు నాదేనని రెండు నెలలు అనుకున్నందుకు మాత్రం కొంచెం కష్టంగా ఉంది.

మీరంతా పెద్దవాళ్లు పెద్దవాళ్లు అంటున్నారు. మెనూలు చూసి నేను భయపడిన మాట నిజం. అవి ఎక్కువగా ఉన్నందుకు కాదు, ఇంగ్లీషులో ఉన్నందుకు. ఒడియా రాష్ట్రంలో తెలుగు చెప్పి బతికినవాడిని, తెలియని లిపిలో ఉన్న బోర్డు కింద నిలబడటం నాకు కొత్త కాదు, అయినా నా ఇంట్లో నా పత్రిక రాసుకునేటప్పుడు కూడా అదేనా అనిపించేది. నిన్న అబ్బాయి నా ప్రొఫైల్లో భాష తెలుగుకి మార్చాడు. అందులో అలా మార్చుకునే వీలుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. కొన్ని మాటలు ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నాయి, పరవాలేదు. అక్షరాలు కూడా పెద్దవయ్యాయి, వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇక దాచినవి ఏమైనా మిగిలి ఉంటే అవి కూడా చూపించమనండి.

బరంపురం_పట్టు:
చూపించాను మాస్టారూ. మీ భాష సెట్టింగు 4.7 నుంచే, అంటే 2016 నుంచే ఉంది, నేనే చూసుకోలేదు. ఇప్పుడు ఫైల్లో మిగిలినవి అక్క చెప్పిన మూడు వరసలూ, లాగిన్ పేజీ రంగూ, అంతే. ఆదివారం సాయంత్రం మిగిలిన ఏడుగురి ఇళ్లకీ వెళ్లి ప్రొఫైల్లో భాష మారుస్తున్నాను. ఆటోసేవ్ వరస వస్తే ఏం నొక్కాలో వాళ్ల ముందే కరెంటు తీసి చూపిస్తాను.