నగలాంటి చిత్రిక, నిలకడ లేని బ్లేడు

నాలుగో నంబరు సైజు చిత్రిక, అదే చెక్కను నునుపు చేసే వడ్రంగి పనిముట్టు. కంచు బాడీ, బ్లేడును పైనుంచి అదిమిపట్టే, అద్దంలా మెరిసే ఇత్తడి లివర్ క్యాప్, రోజ్‌వుడ్ పిడి. చూడ్డానికి నగే, పని దగ్గరే మొండికేస్తోంది. టేకు మీద పది పదిహేను సార్లు తోసేసరికి బ్లేడు పక్కకు జరిగి, పొట్టు ఎడమన మందంగా, కుడివైపు పొడిలా వస్తోంది.

30 డిగ్రీల పదును 1000, తర్వాత ఇంకా నునుపైన 8000 గ్రిట్ సానరాళ్ల మీద పెట్టాను. బ్లేడు కూర్చునే చోట నూనె తుడిచాను. క్యాప్ స్క్రూ ఇంకాస్త బిగిస్తే బ్లేడు ఎంత దిగాలో సరిచేసే లోతు మర తిరగనే తిరగదు. నిన్న వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, క్యాప్ ముందంచుకూ చిప్‌బ్రేకర్‌కూ (బ్లేడు మీద కూర్చునే లోహపు పలక) మధ్య ఎడమవైపు మాత్రం సన్నటి వెలుగు గీత! మెరుపు కోసం పాలిష్ చేస్తూ అంచు అరగదీశారేమో.

ఆ అంచును ఆకురాయితో సమం చేస్తే చాలా, లేక బ్లేడు కింది పీఠాన్నే సరిచేయాలా?