వీఎంలో (వర్చువల్ మెషిన్‌లో) టెస్ట్ చేసిన యాంటీవైరస్ రిజల్ట్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

బెంచ్‌టాప్:
ఆఫీసులో 45 విండోస్ 11 పీసీలకు ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ ఎంచుకోవాలి. మూడు ప్రొడక్ట్‌లు షార్ట్‌లిస్ట్ అయ్యాయి, మూడింటికీ ట్రయల్ లైసెన్సులు ఉన్నాయి. ఒకే వర్క్‌స్టేషన్ మీద వర్చువల్‌బాక్స్‌లో మూడు వీఎంలు (పీసీ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే పీసీలు) పెట్టి పోల్చాలనుకుంటున్నాను. ఒక్కోదానికి 4 జీబీ ర్యామ్, 2 కోర్లు, 64 జీబీ డిస్క్, హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్ (హోస్ట్‌తో, అంటే ఆ వర్క్‌స్టేషన్‌తో తప్ప బయటి ఇంటర్నెట్‌తో సంబంధం ఉండదు). మాల్వేర్‌ని పట్టుకుంటుందా, పీసీ స్లో అవుతుందా అన్నవి రెండూ ఇందులోనే తేలతాయా? లేక అసలు పీసీ ఒకటి పక్కన పెట్టాలా?

శాండ్‌బాక్స్_సీతయ్య:
స్లో అవుతుందా అన్నది వీఎంలో కొలవొద్దండీ. పట్టుకోవడం మాత్రం చాలావరకు అక్కడే తేలుతుంది, కానీ కంట్రోల్ రన్ తప్పనిసరి. ప్రొటెక్షన్ ఏదీ లేని వీఎంలో, విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ కూడా ఆపేసి, ముందు టెస్ట్‌కి వాడే మాల్వేర్ శాంపిల్‌ని నడపండి. అక్కడ కూడా ఫైళ్ళు ముట్టుకోకుండా, రిజిస్ట్రీలో ఏమీ రాయకుండా ఊరుకుంటే ఆ శాంపిల్‌ని లెక్కలోంచి తీసెయ్యండి. ఈ మెట్టు వదిలేస్తే, తనంతట తానే ఆగిపోయిన మాల్వేర్‌కి కూడా ప్రొడక్ట్ ఖాతాలో మార్కులు పడతాయి.

ఎందుకు ఆగిపోతుందంటే, చాలా మాల్వేర్ ముందు తాను ఎక్కడున్నానో చూసుకుంటుంది. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు నంబర్) 08:00:27తో మొదలవుతుంది, గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసే వర్చువల్‌బాక్స్ సహాయక సాఫ్ట్‌వేర్) వేస్తే దాని డ్రైవర్ ఫైళ్ళు సిస్టమ్ ఫోల్డర్‌లో కనబడతాయి. కోర్లు తక్కువా, డిస్క్ చిన్నదా, మౌస్ కదులుతోందా, డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీగా ఉందా అని కూడా చూస్తాయి. అందుకే 4 కోర్లు, 8 జీబీ, 256 జీబీ డైనమిక్ డిస్క్ ఇవ్వండి (వాడినంత మేరకే హోస్ట్‌లో చోటు పడుతుంది). మ్యాక్ మార్చండి, గెస్ట్ అడిషన్స్ వెయ్యకండి, ఓ వంద వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు పెట్టండి. వీఎంలో ఉన్నామని సీపీయూ చూపించే హైపర్‌వైజర్ బిట్‌ని దాచడానికి మాత్రం తంటాలు పడొద్దు. మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ భద్రతా ఫీచర్ ఆన్‌లో ఉన్న అసలు పీసీలోనూ అది ఆన్‌లోనే కనిపిస్తుంది.

ఇంటర్నెట్ ఉన్నట్టు నటించే టూల్స్‌తోనూ జాగ్రత్త. ఫైళ్ళని ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగే 2017 నాటి వాన్నాక్రై ఒక డొమైన్‌ని పలకరించి, జవాబు వస్తే అక్కడితో ఆగిపోయేది. అడిగిన ప్రతి డొమైన్‌కీ జవాబిచ్చే ఫేక్ సర్వర్ పెడితే అది ఒక్క ఫైల్‌ని కూడా ఎన్‌క్రిప్ట్ చెయ్యదు.

డిస్క్‌ఇమేజ్:
పెర్ఫార్మెన్స్ సంగతి. ఆఫీసులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత మోడల్ పీసీని పక్కన పెట్టండి. కొత్తదాని మీద అన్నీ బాగానే నడుస్తాయి. క్లీన్ విండోస్, రోజూ వాడే సాఫ్ట్‌వేర్ అంతా వేసి క్లోన్‌జిల్లాతో ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) తీయండి. ప్రొడక్ట్ మార్చిన ప్రతిసారీ ఆ ఇమేజ్‌నే రీస్టోర్ చెయ్యాలి. అన్‌ఇన్‌స్టాల్ చేసి ఇంకోటి వేస్తే పాతదాని డ్రైవర్లు మిగిలిపోయి లెక్క తప్పుతుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి ఫుల్ స్కాన్ పూర్తవ్వనివ్వండి. తర్వాత రీస్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేసి, అప్పుడు కొలవండి. చిన్న చిన్న ఫైళ్ళు ఓ పది వేలున్న ఫోల్డర్ కాపీ చెయ్యడం, పెద్ద జిప్ విప్పడం, మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవడం, ఒక్కోటి ఐదుసార్లు. మొదటిసారి వచ్చిన టైమ్‌ని విడిగా రాసుకోండి, మిగతా నాలుగింటితో కలపకండి. ఒకసారి చూసిన ఫైల్‌ని చాలా ప్రొడక్ట్‌లు గుర్తుపెట్టుకుని మళ్ళీ స్కాన్ చెయ్యవు.

వీఎంలో ఈ అంకెలు ఎందుకు పనికిరావంటే, రెండోసారి కాపీ చేసేది హోస్ట్ క్యాష్ నుంచి రావచ్చు. పైగా హోస్ట్‌లోని యాంటీవైరస్ వర్చువల్ డిస్క్ ఫైల్‌నే స్కాన్ చేస్తూ ఉండొచ్చు. వీపీఎన్, వైఫై, ప్రింటర్ డ్రైవర్లతో గొడవపడి వచ్చే బ్లూ స్క్రీన్ కూడా అసలు హార్డ్‌వేర్ మీదే బయటపడుతుంది.

ఆ పీసీ మీద నిజమైన మాల్వేర్ మాత్రం నడపకండి. 2018లో బయటపడ్డ లోజాక్స్ లాంటివి మదర్‌బోర్డు ఫ్లాష్ చిప్‌లో కూర్చుంటాయి. డిస్క్ ఇమేజ్ రీస్టోర్ చేసినా, డిస్కే మార్చినా పోవు.

ఫైర్‌వాల్‌గట్టు:
హోస్ట్-ఓన్లీ పెడితే మూడు ప్రొడక్ట్‌లకూ క్లౌడ్ లుకప్ (ఫైల్ గురించి కంపెనీ సర్వర్‌ని అడగడం) తెగిపోతుంది. క్లౌడ్ మీద ఎక్కువ ఆధారపడే ప్రొడక్ట్ అన్యాయంగా ఓడిపోతుంది. ఆఫీస్ లాన్‌తో సంబంధం లేని కనెక్షన్, 4జీ డాంగిల్ అయినా సరే, విడిగా ఇవ్వండి. 10, 172.16, 192.168 ప్రైవేట్ రేంజ్‌లన్నిటినీ, బయటికి వెళ్ళే 25, 445 పోర్టులనూ బ్లాక్ చెయ్యండి. షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్ షేరింగ్ ఆపండి. క్లౌడ్ అందుతోందో లేదో ఆమ్ట్‌సో (యాంటీవైరస్ టెస్టింగ్ ప్రమాణాల సంస్థ) సైట్‌లోని క్లౌడ్‌కార్ అనే హాని లేని టెస్ట్ ఫైల్‌తో ముందే చూసుకోండి. 68 బైట్ల ఐకార్ ఫైల్‌కి (ఇదీ హాని లేని టెస్ట్ ఫైలే) స్పందిస్తే స్కానర్ బతికి ఉందని మాత్రమే అర్థం, దాన్ని స్కోరులో కలపకండి.

స్నాప్‌షాట్‌ని (మళ్ళీ వెనక్కి వెళ్ళేందుకు దాచుకునే వీఎం స్థితి) వీఎం ఆఫ్ చేసి తీయండి. నడుస్తుండగా తీసినదానికి వెనక్కి వెళ్తే గెస్ట్ (వీఎం) గడియారం పాత తేదీలో ఉండిపోవచ్చు. అప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్లు వచ్చి క్లౌడ్‌కి కనెక్ట్ అవ్వదు. రివర్ట్ చేసిన ప్రతిసారీ టైమ్ సింక్, సిగ్నేచర్ అప్‌డేట్, ఆ తర్వాతే శాంపిల్. ఏజెంట్ (ప్రొడక్ట్ పీసీలో వేసే సాఫ్ట్‌వేర్) వేసిన వీఎంని క్లోన్ చెయ్యొద్దు, రెండింటికీ ఒకే ఐడీ ఉండి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో ఒక్క మెషిన్‌గా కనబడొచ్చు.

బెంచ్‌టాప్:
కంట్రోల్ వీఎంలో డిఫెండర్ ఆపితే కాసేపటికి మళ్ళీ ఆన్ అవుతోందండీ.

శాండ్‌బాక్స్_సీతయ్య:
సెట్టింగ్స్‌లో ఆపడం తాత్కాలికమే. ముందు ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్ సెట్టింగ్స్‌ని ఇతరులు మార్చకుండా కాపాడేది) ఆపి, తర్వాత గ్రూప్ పాలసీలో రియల్-టైమ్ ప్రొటెక్షన్‌ని ఆఫ్ చెయ్యండి. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ రాదు, ప్రో కానీ 90 రోజుల ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్ కానీ వాడండి. రీస్టార్ట్ చేసి ఐకార్ ఫైల్ డిస్క్ మీద నిలుస్తోందని చూశాక షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ తీయండి.