ఓటు మార్చుకున్నందుకు తిట్లు. గృహప్రవేశానికి వెళ్ళాలా వద్దా?

కదిరి పిల్లోడు:

బెంగళూరులో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను, మహదేవపుర దగ్గర. ఓటు మాత్రం ఇంకా కదిరిలోనే. 2019లో ఫ్యాన్‌కి వేశాను, 2024లో సైకిల్‌కి వేశాను. దాచుకోవాల్సినంత తప్పు కాదనిపించి మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ మాటే చెప్పాను.

2024 మే 11, శనివారం రాత్రి హెబ్బాళ్‌లో బస్సు కోసం ఎంతమంది నిలబడ్డారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేను, నా భార్య, పాప, మా బ్యాచ్ స్నేహితుడు ఒకే బస్సు ఎక్కాం. దొరికిన ఒక్క సీటూ మావాళ్ళకి ఇచ్చి, వాడు బాగేపల్లి దాటేదాకా నిలబడే వచ్చాడు. సోమవారం ఓటేసి వచ్చాక ఇద్దరం కలిసి ఉగ్గాణి బజ్జీ తిన్నాం. వాడిది ఫ్యాన్ అని నాకు తెలుసు. నాది ఏదని వాడు అడగలేదు.

ఫలితాలు వచ్చాక నేను చెప్పేసరికి అందరూ చూస్తుండగా వాడు గ్రూపులో పెట్టిన మొదటి మెసేజ్: 'ఎంతకి అమ్ముడుపోయినావ్?' రెండోది మా అమ్మ గురించి. దాన్ని ఇక్కడ రాయలేను.

నేను ఎందుకు మారానో చెప్తాను. 2021 నవంబరు 19న అసెంబ్లీలో తన భార్య గురించి మాట్లాడారని చంద్రబాబు ప్రెస్‌మీట్‌లో ఏడ్చారు. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మకి జగన్ అంటే ప్రాణం, చేయూత డబ్బులు కూడా వచ్చేవి. అలాంటి మనిషి టీవీ కట్టేసి, 'ఇంట్లో ఆడోళ్ళ ఊసు వీళ్ళకెందుకురా' అంది. అమ్మ 2024లోనూ ఫ్యాన్‌కే వేసింది, అది ఆమె ఇష్టం. నా మనసు మాత్రం ఆ రోజే విరిగిపోయింది.

అలాగని అవతలివాళ్ళు నన్ను బాగా చూసుకున్నారనీ కాదు. 2025 ఏప్రిల్‌లో ఒక టీడీపీ కార్యకర్త జగన్ భార్య గురించి అసభ్యంగా మాట్లాడితే పార్టీ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. అది తప్పేనని గ్రూపులో అన్నందుకు సైకిల్ వాళ్ళు 'నీకు ఇంకా ఫ్యాన్ గాలి వదల్లేదు' అన్నారు.

2014లో మా ఊళ్ళో ఫ్యాన్ గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే తర్వాత టీడీపీలో చేరారు. రాష్ట్రం మొత్తం మీద అలా 23 మంది వెళ్ళారు. వాళ్ళు కనపడితే ఇప్పటికీ నమస్కారం పెడతాం. ఒక్క ఓటున్న నేను మారితే ద్రోహినా?

ఇప్పుడు వాడు హొసకోటె దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం కార్డు నాకు పంపలేదు, నా భార్య ఫోన్‌కి పంపాడు. వెళ్ళాలా?

బెళ్ళందూరు అక్క:

వెళ్ళు తమ్ముడూ. కానీ ముందు ఫోన్ చెయ్యి, గ్రూపులో మాత్రం జవాబివ్వకు.

మాది గుంటూరు. మా నాన్న 1983లో రామారావు గారికి వేసిన ఓటు మళ్ళీ మార్చలేదు. నేను 2019లో మారాను. మా అన్నయ్య నన్ను ఎన్ని మాటలన్నాడో! ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు, వాడు నాకు పెట్టిన మెసేజ్ తెరిచి ఫోన్ వాడి చేతికే ఇచ్చి, అమ్మ ముందు పైకి చదవమన్నాను. రెండు పదాలు చదివాడు. మూడోది నోట్లోంచి రాలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ నన్ను ఎప్పుడూ ఆ మాట అనలేదు. వేలితో టైప్ చేసేవాటిలో సగం మనుషులు నోటితో అనలేరు.

పల్నాడు మనిషి:

నేను ఫ్యాన్ మనిషినే, ఇప్పటికీ. మీ అమ్మగారి గురించి అన్నది క్షమించరాని మాట, అందులో రెండో అభిప్రాయం లేదు.

కానీ ఒక విషయం చూడండి. మీరు బెంగళూరులో ఉండి నిశ్చింతగా ఓటు మార్చుకోగలరు. మా ఊళ్ళో పార్టీ మారితే టీ కొట్టు మారాలి, పెళ్ళిలో కూర్చునే వరస మారాలి. 2024 పోలింగ్ తర్వాత పల్నాడులో ఎంత గొడవైందో, ఎన్నికల సంఘం సిట్ వేయించే దాకా వచ్చింది. మా బాబాయి వాళ్ళు ఇంటికి తాళం వేసి నెల రోజులు చుట్టాల ఊళ్ళో ఉన్నారు. అలాంటి చోట పార్టీ అంటే అభిప్రాయం కాదు, రాత్రి తలుపు కొడితే పలికే మనిషి. మీ స్నేహితుడి వాళ్ళ మీద ఊళ్ళో ఏమైనా కేసు పడిందేమో కనుక్కున్నారా?

కేఆర్ పురం మాస్టారు:

గ్రూపులో రాజకీయాలు వద్దని నియమం పెట్టుకోండి, సరిపోతుంది.

కదిరి పిల్లోడు:

మాస్టారూ, పెట్టాం. నాలుగు రోజులు నిలిచింది. అసలు మాట్లాడుకోవడం తప్పని నేను అనుకోను, మన పిల్లల బడి, మన పొలానికి నీళ్ళు అంతా అందులోనే ఉంది కదా.

లెక్కలు చూసేవాణ్ణి:

ఒక్క మాట. వైసీపీ సీట్లు 151 నుంచి 11కి పడిపోయాయి, కానీ ఓట్లు దాదాపు 50 శాతం నుంచి 39 శాతానికే తగ్గాయి. అటు మూడు పార్టీలు కలవడం ఒక కారణం. ఇంకొకటి, పదిమందిలో సుమారు ఒక్కరు అటూ ఇటూ అయితే ప్రభుత్వమే మారిపోతుంది. ఆ ఒక్కరి మీదే రెండు పక్కలా తిట్లు పడతాయి, ఇంకొకరు మారడానికి భయపడాలని. 2021 అక్టోబరులో ఒక టీడీపీ నాయకుడు సీఎంని అనకూడని మాట అన్నాడని మంగళగిరిలో ఆ పార్టీ ఆఫీసు మీద దాడి చేశారు. మాటకి మాట, దానికి రాయి. మధ్యలో ఉన్నవాడికి నోరు తెరిచే చోటు ఎక్కడుంది? మీరు తెరిచారు. వెనక్కి తీసుకోవద్దు.

కదిరి పిల్లోడు:

పల్నాడు అన్నా, మీరు అడిగాక నాకు నిద్ర పట్టలేదు. నిన్న ఫోన్ చేశాను. ఎత్తాడు. వాడి తమ్ముడి మీద ఫలితాల వారంలోనే కేసు పెట్టారట, వాయిదాలకి తిరుగుతున్నాడట. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 'నాకు ఒక్క ఫోన్ చేయలేదేం రా, గెలిచినోళ్ళలో ఉండావ్ కదా' అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా అమ్మ గురించి అన్నది మర్చిపోలేదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'అమ్మ ఎట్లుంది?' అన్నాడు.

'నువ్వే అడుగు' అన్నాను.

ఆదివారం పొద్దున గృహప్రవేశం. 'అమ్మను పిల్చుకోని రా' అన్నాడు. శనివారం మధ్యాహ్నం బస్సుకి కదిరి నుంచి వస్తోంది, హెబ్బాళ్‌లో దించుకోవాలి.