దేవుడి పాటకు డబ్బు అడగొచ్చా? తిరుపతి, చిత్తూరు కళాకారులు చెప్పండి

కొర్లగుంట గాయని
మొన్న శ్రీరామనవమికి పక్క కాలనీ పందిట్లో గంటన్నర పాడాను. సౌండ్ వాళ్లకు 14,000, ఫ్లెక్సీలకు 6,000, పానకం, వడపప్పు ఖర్చు వేరే. ఈ లెక్కంతా కమిటీ వాళ్లే మైకులో చదివారు. నాకు శాలువా, షీల్డు. షీల్డు మీద నా పేరు తప్పు. వయొలిన్ అన్నకు, మృదంగం అన్నకు చెరో 1,500 నా పర్సులోంచే ఇచ్చాను. ఆటోతో కలిపి ఆ రోజు నాకు 3,200 వదిలింది. ఇంట్లో శాలువాలు లెక్కపెడితే 23 ఉన్నాయి. అమ్మ ఒకటి తీసి మిక్సీ మీద కప్పింది.

నేను సంగీతంలో డిప్లొమా చేశాను. 11 మంది పిల్లలకు ఇంట్లో పాఠాలు చెప్తున్నాను, బతుకు దాని మీదే. ఇప్పుడు వినాయక చవితికి అదే కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఎంతిస్తారని అడిగితే “స్వామి పాట కదమ్మా, డబ్బేంది?” అన్నారు. అడగడం తప్పా?

కట్టమంచి సభ సెక్రటరీ
మా వైపు మాట కూడా వినండి. 20 ఏళ్లుగా చిత్తూరులో చిన్న సభ నడుపుతున్నాను. 50 రూపాయల టికెట్ పెట్టినా కొనేవాళ్లు లేరు. ఎందుకు కొంటారు? బస్సెక్కి కొండకు పోతే నాదనీరాజనం వేదిక ముందు కూర్చుని పెద్ద విద్వాంసులను ఊరికే వినొచ్చు. ఇంట్లో ఉంటే టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ ఛానల్ ఉంది. హాలు అద్దె, కరెంటు, మైకు పోను మా దగ్గర మిగిలేది పక్కవాద్యాలకే చాలదు. కొత్త పిల్లలకు వేదిక ఇస్తున్నాం, అది తక్కువా? త్యాగయ్య రాజు పంపిన కానుకలనే వద్దన్నారు.

ప్యాడ్స్ చిన్నా
రాజు పంపించాడు, ఆయన వద్దన్నాడు. ముందు మీరు పంపించి చూడండి సార్.

పలమనేరు భారతం
మా నాన్న హరికథ చెప్పేవారు. ‘స్వామి పాట, డబ్బేంది’ అనే మాట నేను టౌనుకొచ్చాకే విన్నాను.

మా పక్క ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఊళ్లో ఇంటింటికీ చందా వేసి, రేటు ముందే మాట్లాడుకుని, తమలపాకుల్లో బయానా (అడ్వాన్సు) పెట్టి మా నాన్న చేతికిచ్చేవాళ్లు. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కే రోజు చూశారా ఎవరన్నా? పిల్లలు లేని ఆడవాళ్లు తడి బట్టలతో మాను కింద సాగిలపడి ఉంటారు. పైనుంచి ఆ నటుడు నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. తమ మీద ఒక్క నిమ్మకాయ పడితే చాలని చూస్తుంటారు వాళ్లు. ఆ ఒక్కరోజూ వాడు వాళ్లకు దేవుడే. కిందికి దిగి వేషం తీశాక ఊరిపెద్ద పిలిచి నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. కాళ్లకు మొక్కిన చేతులే డబ్బూ ఇస్తాయి. అందులో అపచారం ఎవరికీ కనపడలేదు.

గుళ్లల్లో నాదస్వరం, డోలు వాయించే ఇళ్లకు మాన్యం భూములు ఎందుకు రాసిచ్చారు మరి? స్వామి సేవ చేసేవాడి ఇంట్లో పొయ్యి వెలగాలనే కదా.

బైరాగిపట్టెడ కుర్రోడు
అక్కా, కమిటీలను బతిమాలుకునేది ఎందుకు? యూట్యూబ్ ఛానల్ పెట్టు. అన్నమయ్య కీర్తనలకు ప్రపంచమంతా వినేవాళ్లున్నారు.

తిరుచానూరు వీణ
తమ్ముడూ, నేను పెట్టాను, మూడేళ్లయింది. ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి. కింద మీద పడి అక్కడికి చేరుకున్నాక, బాగా నడిచిన ఒక్క వీడియో మీదా కాపీరైట్ క్లెయిమ్ పడింది. దాని డబ్బు ఒక ఆడియో కంపెనీకి పోతోంది.

అన్నమయ్య సాహిత్యం 500 ఏళ్ల నాటిది, ఎవరైనా పాడొచ్చు. కానీ ఆ కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరం లేదు. మనం పాడే వరుసల్లో చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్‌గారు లాంటి వాళ్లు ఈ కాలంలో కట్టినవే. మన చట్టంలో స్వరకర్త పోయాక 60 ఏళ్ల దాకా ఆ వరుస మీద హక్కు ఉంటుంది. శర్మగారు పోయింది 1979లో. లెక్క నువ్వే వేసుకో. పూజల్లో, పెళ్లిళ్లలో పాడుకోవడానికి మినహాయింపు ఉంది కానీ, దాన్ని వీడియో తీసి డబ్బు చేసుకోవడానికి లేదు. ఇప్పుడు ఎవరూ పాడని కీర్తనలు వెతికి నేనే వరుస కట్టుకుంటున్నాను. పని రెట్టింపు, వ్యూస్ సగం. అయినా వచ్చే నాలుగు రూపాయలు నావే.

కట్టమంచి సభ సెక్రటరీ
డబ్బే గొప్ప అయితే మన చిత్తూరు నాగయ్యగారిని చూడండి. ఇక్కడ నాటకాలాడి 1938లో సినిమాల్లోకి వెళ్లారు. బాగా సంపాదించి అడిగినవాడికల్లా ఇచ్చేశారు, చివర్లో ఇబ్బంది పడ్డారు. అయినా పేరు నిలిచింది కదా?

పలమనేరు భారతం
నిలిచింది సార్. చివర్లో పడిన ఇబ్బంది సంగతి మీరే చెప్పారు. ఆ పిల్లను కూడా అలాగే పడమంటారా?

మృదంగం మామ
నలభై ఏళ్లుగా వాయిస్తున్నాను, రెండు ముక్కలు చెప్తాను.

స్వామి ముందు వాయించే అవకాశం వస్తే ఛార్జీ నేనే పెట్టుకుని పోతాను, అది నా మొక్కు. కాలనీ కమిటీ మొక్కు నేనెందుకు తీర్చాలి? అమ్మా, ఈ తేడా నీకు తెలిస్తే చాలు, అడిగేటప్పుడు గొంతు తడబడదు.

ఇంకోటి. రేడియో ఆడిషన్‌కు వెళ్లు. ‘బి’ గ్రేడ్ వచ్చినా చాలు, పై గ్రేడులు ‘బి హై’, ‘ఎ’ తర్వాత చూసుకోవచ్చు. ఆకాశవాణి గ్రేడు ఉన్న మనిషిని “ఊరికే పాడమ్మా” అనడానికి కొంచెం జంకుతారు. నీకు 25 లోపయితే కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ కూడా ఉంది, నెలకు 5,000, రెండేళ్లు.

ప్యాడ్స్ చిన్నా
నేను పెళ్లి రిసెప్షన్లలో ప్యాడ్స్ వాయిస్తాను, కాబట్టి శాస్త్రీయం వాళ్లు నన్ను లెక్కలోకి తీసుకోరు. పర్లేదు. మా ఆర్కెస్ట్రాలో రూల్ ఒకటే. సగం అడ్వాన్స్ పడనిదే డేట్ రాసుకోము. మిగతా సగం వడ్డన మొదలవ్వకముందే తీసుకోవాలి. పెళ్లివాళ్లు బంతిలో కూర్చున్నాక ఎవర్ని అడిగినా “మా బావను అడగండి” అంటారు. ఆ బావ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. మీరు కూడా నోటిమాట మీద పోవద్దక్కా. రేటు, టైము, పక్కవాద్యాల డబ్బు ఎవరిస్తారు, అన్నీ వాట్సాప్‌లో రాసి పంపండి.

కట్టమంచి సభ సెక్రటరీ
కాలనీల సంగతి వేరు, ఒప్పుకుంటాను. సౌండ్‌కు 14,000 ఇచ్చినవాళ్లు పాడే మనిషికి ఇవ్వలేకపోవడం ఉండదు. కానీ సభలను అదే గాటన కట్టకండి. పిల్లలందరూ రేటు చెప్తే మాలాంటివి మూతపడతాయి, తర్వాత మీకు వేదికే ఉండదు.

తిరుచానూరు వీణ
అయితే ఆహ్వాన పత్రికలో ‘పారితోషికం ఇవ్వలేకపోతున్నాం’ అని రాయండి సార్. రావాలా వద్దా మేం తేల్చుకుంటాం. షీల్డు చేతికొచ్చేదాకా తెలియకపోవడమే మా బాధ.

కొర్లగుంట గాయని
ప్యాడ్స్ చిన్నా చెప్పినట్టే వాట్సాప్ పెట్టాను. నాకు 5,000, పక్కవాద్యాలకు చెరో 2,000. సాయంత్రం కమిటీ ప్రెసిడెంట్‌గారు ఫోన్ చేశారు. వయొలిన్, మృదంగం వాళ్లకు అడిగినంత ఇస్తారట. “నువ్వు మాత్రం మన అమ్మాయివి కదా, నీకు బాగా సన్మానం చేస్తాం” అన్నారు. రేపు చెప్తానన్నాను. ఒప్పుకోనా?

మృదంగం మామ
ఒప్పుకో తల్లీ. ఈసారి నీ చేతి డబ్బు పోదు, అదే ఒక మెట్టు.

పలమనేరు భారతం
వద్దు. మన అమ్మాయి అయితే ముందు మన అమ్మాయికే ఇవ్వాలి.