చనిపోయినవారి గురించి బైబిలు ఒకే మాట చెబుతోందా?

ప్రశ్న:
ఈ ఏడాది మా అన్నయ్య పోయారు. జ్ఞాపకార్థ కూడికలో ఒక పెద్దాయన "ఆయన ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు" అన్నారు. తర్వాత మాట్లాడినాయన "పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారు" అన్నారు. ఇద్దరూ వాక్యాలు చూపించారు. ప్రసంగి 9వ అధ్యాయమేమో చచ్చినవారికి ఏమీ తెలియదంటోంది. ఓదార్పు మాటలు వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మొదటి జవాబు:
వైరుధ్యమేమీ లేదండీ. ప్రసంగి "సూర్యుని క్రింద" కనబడేదాన్నే చెప్పాడు. పక్కన సిలువ మీదున్న దొంగతో యేసు "నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అన్నారు కదా. లూకా 23 చూడండి.

రెండో జవాబు:
ప్రసంగిని అంత తేలిగ్గా పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. బైబిలు తరగతుల్లో చాలాకాలంగా చెబుతున్నదే ఇక్కడా చెబుతాను. "చచ్చిన సింహముకంటె బ్రదికియున్న కుక్క మేలు" అన్నవాడు ఒంటరివాడు కాదు. పాతాళంలో నిన్నెవరు స్తుతిస్తారని 6వ కీర్తన అడుగుతుంది. జబ్బు నుంచి లేచిన హిజ్కియా కూడా యెషయా 38లో అదే అంటాడు. వాళ్లంతా భక్తులే. దేవుడితో బంధం ఈ బతుకులోనే అనుకున్నారు కాబట్టే ఇంకొన్నాళ్ల ఆయుష్షు కోసం అంతగా గోజారారు. అబ్రాహాము ముసలితనంలో, నిండు బతుకు బతికి తన పితరుల దగ్గరకు చేరాడు. ఆదికాండం అంతకుమించి చెప్పదు, ఆ చావులో ఏదో లోటుందనీ అనదు.

మరి మార్పు ఎక్కడొచ్చింది? నా మటుకు నేను న్యాయం దగ్గరే అంటాను. క్రీస్తుకు పూర్వం 167 ప్రాంతంలో యూదయను ఏలుతున్న గ్రీకు వంశపు రాజు నాలుగో అంతియొకస్ యూదులను హింసించినప్పుడు, ధర్మశాస్త్రాన్ని వదలనందుకే మనుషులు చచ్చిపోయారు. నిండు ఆయుష్షే దీవెన అనే పాత లెక్క వాళ్ల విషయంలో కుదరలేదు. మట్టిలో నిద్రించేవారు మేలుకుంటారని దానియేలు 12 తేటగా పలుకుతుంది. ఆ గ్రంథం ఆ హింసల కాలంలోనే తుదిరూపు దాల్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. అయినా అందరూ ఒప్పుకోలేదు. యేసు కాలంలో యూదుల్లోనే రెండు వర్గాలుండేవి: సద్దూకయ్యులు పునరుత్థానమే లేదనేవారు, పరిసయ్యులు ఉందనేవారు.

మీరు విన్న రెండు మాటలూ పౌలువే. థెస్సలొనీకయులకు రాస్తూ చనిపోయినవారిని నిద్రించినవారన్నాడు. ఫిలిప్పీయులకు బంధకాల్లోంచి రాస్తూ, వెళ్లిపోయి క్రీస్తుతో ఉండడమే మేలన్నాడు. ఆ రెంటినీ అతికించి ఒక పటం గీయడం తర్వాతివాళ్ల పని, పౌలు ఆ పని చేయలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే అన్నయ్య గురించి ఏమీ తెలియని బాధతోనే ప్రార్థన చేయవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
చేయవచ్చమ్మా. 88వ కీర్తన తెరవండి. మొర పెట్టి పెట్టి "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. చివర్లో స్తుతి లేదు, జవాబు లేదు. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. యోహాను 11లో లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు సమాధి దగ్గర ఏడ్చారు. పౌలుకైతే మరణం స్నేహితుడు కాదు, కడపటి శత్రువు. మీ బాధను విశ్వాసలోపమని ఎవరన్నా నమ్మకండి.

మూడో జవాబు:
ఒక్క సంగతి కలుపుతాను. ఆ హింసల కాలం గురించే చెప్పే 2 మక్కబీయులు 7లో, పునరుత్థానం మీద ఆశతో ప్రాణాలిచ్చిన ఏడుగురు కొడుకుల, వాళ్ల తల్లి కథ, 12లో చనిపోయిన సైనికుల కోసం ప్రార్థన ఉన్నాయి. కతోలిక బైబిలులో ఆ గ్రంథం ఉంది, ప్రొటెస్టెంటు బైబిలులో లేదు. పోయినవారి కోసం ప్రార్థించే విషయంలో సంఘాలు విడిపోవడానికి అదీ ఒక కారణం.