504 వస్తే టైమౌట్ పెంచాలా, కోడ్ మార్చాలా?

కాలేజీ_పోర్టల్:
ఫీజుల పోర్టల్ ఒకటి నడుస్తోంది. పీహెచ్‌పీ 8.2, ముందు వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్, వెనక పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0. అన్నీ 4 జీబీ ర్యామ్ ఉన్న ఒకే సర్వర్ మీద. ఆర్థిక సంవత్సరం రసీదులు మొత్తం, దాదాపు 40,000 వరుసలు, ఎక్సెల్‌గా దింపబోతే సరిగ్గా 60 సెకన్లకు 504 (వెనక నుంచి జవాబు సమయానికి రాలేదనే ఎర్రర్) వస్తోంది. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో "అప్‌స్ట్రీమ్ టైమ్డ్ అవుట్" అని పడుతోంది. రీడ్ టైమౌట్ 300 సెకన్లకు పెంచితే చాలని టీమ్‌లో కొందరు, అది జబ్బును దాచిపెట్టడమేనని మిగతావాళ్లు. ఎవరి మాట పట్టుకోవాలి?

గోదారి_డెవ్:
పెంచండి. 60 అనేది ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను పెట్టుకున్న అంకె, మీ రిపోర్టుకు ఎంతసేపు పడుతుందో దానికి తెలియదు. నెలకోసారి అకౌంట్స్ సెక్షన్‌లో ఇద్దరు తీసుకునే రిపోర్టు 90 సెకన్లు పడితే కొంప మునగదు. కానీ సర్వర్ మొత్తానికీ పెంచొద్దు, ఆ ఒక్క దారికి ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో లొకేషన్ బ్లాక్ రాసి అందులోనే ఫాస్ట్‌సీజీఐ రీడ్ టైమౌట్ (ఎఫ్‌పీఎం జవాబు కోసం వేచే హద్దు) 300 పెట్టండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి రిక్వెస్టూ ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీకే పోతుంది. మీ కొత్త బ్లాక్‌లో ట్రై ఫైల్స్ వాడితే రిక్వెస్టు లోపల్లోపలే దారి మారి, పీహెచ్‌పీ ఫైళ్ల కోసం రాసిన మామూలు బ్లాక్‌లో పడుతుంది. అక్కడ పాత 60 సెకన్లే వర్తిస్తుంది. "మార్చాం కానీ మారలేదు" అనే ఫిర్యాదుల్లో ఈ కారణం తరచూ కనిపిస్తుంది. కొత్త బ్లాక్‌లోనే ఫాస్ట్‌సీజీఐ పాస్ రాసి, స్క్రిప్ట్ ఫైల్‌నేమ్‌కు ఇండెక్స్ ఫైలు పూర్తి దారి నేరుగా ఇవ్వండి. రీలోడ్ చేసే ముందు కాన్ఫిగ్ టెస్ట్ తప్పనిసరి.

ఇంకో సంగతి, ఆ 60 సెకన్లు మొత్తం రిక్వెస్టుకు కాదు. రెండు రీడ్‌ల మధ్య గ్యాప్‌కు. స్క్రిప్టు 20 సెకన్లకోసారి కొంత అవుట్‌పుట్ ఫ్లష్ చేస్తుంటే పది నిమిషాలైనా 504 రాదు.

వర్కర్_లెక్క:
గోదారి_డెవ్ గారూ, లొకేషన్ బ్లాక్ గురించి మీరన్నది నిజం. కానీ అసలు ప్రమాదం టైమౌట్ అంకెలో లేదు, వర్కర్ల సంఖ్యలో ఉంది.

ఎఫ్‌పీఎంతో వచ్చే డిఫాల్ట్ పూల్‌లో (వర్కర్ల గుంపులో) మ్యాక్స్ చిల్డ్రన్, అంటే గరిష్ఠ వర్కర్ల సంఖ్య, 5. ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది. ఐదుగురు రిపోర్టు బటన్ నొక్కితే ఐదు నిమిషాలపాటు ఫీజు కట్టే విద్యార్థికి పేజీ తెరుచుకోదు. ఐదుగురు కూడా అక్కర్లేదు, ఓపిక లేని ఒక్కరు ఐదుసార్లు రిఫ్రెష్ కొట్టినా చాలు. బ్రౌజర్ కనెక్షన్ వదిలేస్తే ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లో 499 (అడిగినవాడు వెళ్లిపోయాడు) రాసుకుని తప్పుకుంటుంది. పీహెచ్‌పీకి ఆ సంగతి ఏదైనా అవుట్‌పుట్ రాయబోయేదాకా తెలియదు. అంటే అడిగినవాడు వెళ్లిపోయినా క్వెరీ నడుస్తూనే ఉంటుంది. ఎఫ్‌పీఎం లాగ్‌లో "రీచ్డ్ పీఎం మ్యాక్స్ చిల్డ్రన్" అనే హెచ్చరిక కోసం వెతకండి. కనిపిస్తే టైమౌట్ పెంచడం మంటలో నెయ్యి పోయడమే.

చిల్డ్రన్ పెంచుదామంటే ర్యామ్ లెక్క చూసుకోవాలి. 4 జీబీలో మైఎస్‌క్యూఎల్‌కు ఒకటిన్నర, ఓఎస్‌కు, మిగతావాటికి అర జీబీ తీస్తే మిగిలేది 2 జీబీ. వర్కర్‌కు 60 ఎంబీ చొప్పున 33. కొంత వదిలేసి 25 దగ్గర ఆగాలి. దాటితే స్వాప్‌లోకి (ర్యామ్ బదులు డిస్క్ వాడకంలోకి) పోతుంది, లేదా కర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చునేది మైఎస్‌క్యూఎల్ కాబట్టి వేటు సాధారణంగా దానిమీదే పడుతుంది.

గోదారి_డెవ్:
ఒప్పుకుంటాను. దానికి మందు వేరే పూల్. రిపోర్టులకు మరో సాకెట్‌తో (ఇంజిన్‌ఎక్స్ ఎఫ్‌పీఎంను చేరే దారితో) పూల్ పెట్టండి. పీఎం ఆన్‌డిమాండ్ (అవసరమైనప్పుడే వర్కర్లు), మ్యాక్స్ చిల్డ్రన్ 2, మెమరీ లిమిట్ 512 ఎంబీ, రిక్వెస్ట్ టెర్మినేట్ టైమౌట్ (దాటితే ఎఫ్‌పీఎం వర్కర్‌ను చంపే హద్దు) 280 సెకన్లు. నేను చెప్పిన లొకేషన్ బ్లాక్‌లోని ఫాస్ట్‌సీజీఐ పాస్ ఆ కొత్త సాకెట్‌కు చూపిస్తే సరి. రిపోర్టులు ఎంత మొరాయించినా ఫీజు చెల్లింపుల పూల్ జోలికి రావు. కోడ్‌లో ఒక్క లైను మారదు, అరగంట పని.

వర్కర్_లెక్క:
పూల్ విడగొట్టడం మంచిదే. కానీ ఆ ఇద్దరు వర్కర్లూ పనిలో ఉంటే మూడో వ్యక్తి రిక్వెస్టు సాకెట్ బ్యాక్‌లాగ్‌లో (వేచి ఉండే వరుసలో) నిలబడి, 300 సెకన్లు గడిచాక చివరికి 504 చూడొచ్చు. అతనికి మీరు 60 సెకన్ల బాధను ఐదు నిమిషాలు చేశారు. పైగా సెషన్ లాక్ ఒకటుంది. పీహెచ్‌పీ ఫైల్ సెషన్లను స్క్రిప్టు ముగిసేదాకా తాళం వేసి ఉంచుతుంది. రిపోర్టు నడుస్తుండగా అదే లాగిన్‌తో ఇంకో ట్యాబ్ తెరిస్తే, అది వేరే పూల్‌లో ఉన్నా సరే, సెషన్ స్టార్ట్ దగ్గరే వేలాడుతుంది. వెయిట్ చేస్తున్న ఆ ట్యాబ్‌లు మీ మెయిన్ పూల్ వర్కర్లనే తింటాయి! యూజర్ ఎవరో తెలుసుకున్న వెంటనే సెషన్ రైట్ క్లోజ్ పిలవాలి. సెషన్‌లో ఏమీ రాయని పేజీ అయితే రీడ్ అండ్ క్లోజ్ ఆప్షన్‌తోనే తెరవచ్చు. లారావెల్ సొంత సెషన్ వాడేవారికి ఈ తాళం బెడద మామూలుగా ఉండదు, ముడి పీహెచ్‌పీ సెషన్లు వాడేవారికే.

క్వెరీ_ప్లాన్:
ఇంతసేపూ అంకెల మీదే వాదన నడిచింది. ఆ 60 సెకన్లు ఎక్కడ ఖర్చవుతున్నాయో ఇంకా ఎవరూ అడగలేదు. అది తెలియకుండా ఏ పక్షం మాటా నిలబడదు.

మొదట ఎఫ్‌పీఎం స్లోలాగ్ ఆన్ చేయండి. పూల్ కాన్ఫిగ్‌లో స్లోలాగ్ ఫైలు దారి, రిక్వెస్ట్ స్లోలాగ్ టైమౌట్ 5 సెకన్లు. ఐదు సెకన్లు దాటిన ప్రతి రిక్వెస్టుకూ ఆ క్షణాన ఏ ఫైలు ఏ లైనులో ఉందో రాసిపెడుతుంది. డాకర్‌లో నడిపేవారు గుర్తుంచుకోవాల్సింది, దీనికి పీట్రేస్ అనుమతి (ఇంకో ప్రాసెస్ లోపల చూసే హక్కు) కావాలి. అది ఇవ్వకపోతే స్టాక్ ట్రేస్ రాదు.

ఆగిపోయిన సమయం కూడా ఒక ఆధారమే. 60 దగ్గర 504 అంటే ఇంజిన్‌ఎక్స్. 50 దగ్గర ఎర్రర్ 1205 అంటే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్) రో లాక్ కోసం వేచి వేచి విసిగింది, ఇంకో ట్రాన్సాక్షన్ ఆ వరుసను పట్టుకుని ఉంది. ఈ ఎర్రర్‌లో ఒక ఉచ్చు ఉంది. 1205 వస్తే డిఫాల్ట్‌గా ఆ ఒక్క స్టేట్‌మెంటే వెనక్కి పోతుంది, ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది. డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోవడం) 1213లో మాత్రం మొత్తం ట్రాన్సాక్షన్ రద్దవుతుంది. రెండింటినీ ఒకే క్యాచ్ బ్లాక్‌లో పట్టి స్టేట్‌మెంట్ మళ్లీ నడిపే కోడ్ ఫీజుల లెక్కను సగంలో కమిట్ చేసేస్తుంది. ఏది వచ్చినా రోల్‌బ్యాక్ చేసి మొదటినుంచి మొదలుపెట్టాలి.

ఇక మీ 40,000 వరుసల సంగతి. రసీదుకొక క్వెరీతో విద్యార్థి పేరు తెస్తున్నారేమో చూడండి. ఒక్కోటి 1.5 మిల్లీసెకన్లు అనుకున్నా 40,000 సార్లకు 60 సెకన్లు. మైఎస్‌క్యూఎల్ స్లో క్వెరీ లాగ్ దీన్ని పట్టుకోలేదు, దాని డిఫాల్ట్ హద్దు 10 సెకన్లు. ఏ క్వెరీ కూడా విడిగా నెమ్మది కాదు మరి. ఒక జాయిన్‌తో పోయేదానికి ఇంత యాతన.

తేదీ షరతు కూడా చూడండి. ఇయర్ ఫంక్షన్‌లో కాలమ్‌ను చుట్టేస్తే ఆ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాదు. 2024 ఏప్రిల్ 1 నుంచి, 2025 ఏప్రిల్ 1 కంటే తక్కువ అని హద్దులు రాయండి. మన ఆర్థిక సంవత్సరానికి ఎటూ ఇలాగే రాయాలి. అయితే టేబుల్‌లో ఉన్నదే రెండేళ్ల డేటా అయితే ఇండెక్స్ ఉన్నా ఆప్టిమైజర్ టేబుల్ మొత్తం చదవడానికే మొగ్గు చూపొచ్చు, అది తప్పు కాదు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నడిపి అంచనా వరుసలూ అసలు వరుసలూ పోల్చండి. అది క్వెరీని నిజంగానే నడుపుతుందని మరచిపోవద్దు.

ఇండెక్స్ వేయాల్సివస్తే పట్టపగలు కూడా వేయొచ్చు, ఇన్నోడీబీ టేబుల్‌ను ఆపకుండానే చేస్తుంది. కానీ ముందు మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణం మీది తాళం) దొరకాలి. ఏదైనా పాత ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది, ఆల్టర్ వెనక మిగతా క్వెరీలన్నీ నిలబడతాయి. లాక్ వెయిట్ టైమౌట్ డిఫాల్ట్ ఏకంగా ఒక సంవత్సరం! ఆ సెషన్‌లో దాన్ని 5 సెకన్లకు దించి అప్పుడు ఆల్టర్ ఇవ్వండి.

కాలేజీ_పోర్టల్:
స్లోలాగ్ పెట్టాం. సగం నమూనాల్లో పీడీఓ (పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే భాగం) ఎగ్జిక్యూట్, లూప్ లోపలి లైను. మిగతావి ఎక్సెల్ లైబ్రరీలో సెల్ రాసే ఫంక్షన్‌లో. జాయిన్ పెట్టాక 504 పోయింది. ఇప్పుడు 500 వస్తోంది, "అలౌడ్ మెమరీ సైజ్ ఎగ్జాస్టెడ్".

క్వెరీ_ప్లాన్:
ఊహించదగ్గదే. పీహెచ్‌పీ స్ప్రెడ్‌షీట్ లైబ్రరీ వర్క్‌బుక్ మొత్తాన్ని మెమరీలో కడుతుంది. 64 బిట్ పీహెచ్‌పీలో సెల్‌కు సగటున 1.6 కేబీ అని ఆ లైబ్రరీ డాక్యుమెంటేషనే చెబుతుంది. 40,000 వరుసలు, 12 కాలమ్‌లు అంటే 4,80,000 సెల్‌లు, సుమారు 770 ఎంబీ. గోదారి_డెవ్ గారి 512 ఎంబీ పూల్‌లో కూడా ఇది పడిపోయేదే.

రంగులు, ఫార్ములాలు అక్కర్లేకపోతే సీఎస్‌వీ ఇవ్వండి. ఎఫ్‌పుట్‌సీఎస్‌వీతో నేరుగా అవుట్‌పుట్ స్ట్రీమ్‌కు రాస్తూ, వెయ్యి వరుసలకోసారి ఫ్లష్ చేస్తే మెమరీ కొన్ని ఎంబీలు దాటదు. తెలుగు పేర్లున్నాయి కాబట్టి ఫైలు మొదట యూటీఎఫ్-8 బామ్, ఆ మూడు బైట్లు రాయాలి. లేకపోతే ఎక్సెల్ డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు పేర్లన్నీ పిచ్చి అక్షరాలవుతాయి, డేటాబేస్ పాడైందని కంగారు పడతారు.

పీడీఓ డిఫాల్ట్‌గా ఫలితం మొత్తాన్ని ముందే పీహెచ్‌పీ వైపు తెచ్చుకుంటుంది. బఫర్డ్ క్వెరీ ఆపేస్తే వరుస వరుసగా వస్తుంది. అయితే అన్నీ చదివేదాకా అదే కనెక్షన్‌పై ఇంకో క్వెరీ పోదు. లేదా ఐడీ క్రమంలో, చివరి ఐడీ కంటే పెద్దవి వెయ్యి చొప్పున తెచ్చుకోండి. ఆఫ్‌సెట్‌తో మాత్రం వద్దు. ఆఫ్‌సెట్ 39,000 అంటే ఆ 39,000 చదివి పారేసి తర్వాతి వెయ్యి ఇస్తుంది.

క్యూ_పక్షం:
ఇంత సరిచేశాక కూడా నా మాట ఒకటే: యూజర్ వేచి ఉండగా రిపోర్టు తయారు చేయడమే తప్పు రూపకల్పన. ఈ ఏడాది 40,000 వరుసలు, మూడేళ్లకు లక్షన్నర. జాబ్ క్యూలో వేసి 202 (అందింది, పని తర్వాత అవుతుంది) ఇచ్చి పంపేయండి. వెనక వర్కర్ ఫైలు తయారు చేస్తుంది, పేజీ ఐదు సెకన్లకోసారి స్థితి అడుగుతుంది, అయ్యాక లింక్ ఇస్తుంది. క్యూ కోసం రెడిస్ లాంటి వేరే సర్వర్ కూడా అక్కర్లేదు, మైఎస్‌క్యూఎల్ 8.0లో స్కిప్ లాక్డ్ (తాళం పడ్డ వరుసలు దాటి తర్వాతిది తీసుకోవడం) ఉంది, ఒక జాబ్స్ టేబుల్ చాలు. పెద్ద క్లౌడ్‌కు మారితే ముందుండే లోడ్ బ్యాలెన్సర్‌కూ తన టైమౌట్ ఉంటుంది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు డిఫాల్ట్ 60 సెకన్లు. అప్పుడు ఇంజిన్‌ఎక్స్‌లో ఒక్కచోట 300 పెడితే సరిపోదు.

వర్కర్_లెక్క:
క్యూ పెడితే బాధ్యత తీరదు, ఇంకో చోటికి మారుతుంది. వర్కర్ చనిపోతే లేపడానికి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) యూనిట్ కావాలి, కొత్త కోడ్ పెట్టిన ప్రతిసారీ వర్కర్‌ను రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అది పాత కోడ్‌నే నడుపుతూ ఉంటుంది. లారావెల్‌లో రీట్రై ఆఫ్టర్ డిఫాల్ట్ 90 సెకన్లు, వర్కర్ టైమౌట్ 60. రిపోర్టు పెద్దదని టైమౌట్ ఒక్కటే 300 చేస్తే 90వ సెకనుకు క్యూ ఆ జాబ్‌ను పోయిందనుకుని మరో వర్కర్‌కు ఇస్తుంది. ఒకే రిపోర్టు రెండుసార్లు. రిపోర్టు కాబట్టి పర్లేదు, అదే రిఫండ్ అయితే? రీట్రై ఆఫ్టర్ ఎప్పుడూ టైమౌట్ కంటే పెద్దది ఉండాలి, జాబ్ రెండుసార్లు నడిచినా ఫలితం ఒకటే అయ్యేలా రాయాలి. ఇవన్నీ చూసుకునే మనిషి లేని చిన్న కాలేజీకి, 8 సెకన్లలో స్ట్రీమ్ అయ్యే సీఎస్‌వీకి క్యూ అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

క్యూ_పక్షం:
8 సెకన్లే అయితే సరే, ఒప్పుకుంటాను. లక్షన్నర వరుసల నాడు మళ్లీ మాట్లాడదాం. పేమెంట్ గేట్‌వేను పిలిచే పేజీల విషయంలో మాత్రం నేను తగ్గను. బయటి సర్వర్లను పిలిచే కర్ల్‌కు మొత్తం టైమౌట్ డిఫాల్ట్ సున్నా, అంటే హద్దే లేదు. కనెక్ట్ టైమౌట్ 300 సెకన్లు. గేట్‌వే మందగించిన రోజున మీ 25 వర్కర్లూ దాని గుమ్మంలోనే కూర్చుంటాయి. కనెక్ట్‌కు 3, మొత్తానికి 10 సెకన్లు పెట్టండి. టైమౌట్ అయిందంటే డబ్బు పోలేదని కాదు, జవాబు రాలేదని మాత్రమే. ఆర్డర్ ఐడీతో స్థితి అడగకుండా మళ్లీ ఛార్జ్ చేయకూడదు.

గోదారి_డెవ్:
దీనిమీద నాకూ వేరే మాట లేదు. లోపలి హద్దు ఎప్పుడూ బయటి హద్దు కంటే చిన్నది ఉండాలి. మెయిన్ పూల్‌కు నా అంకెలు: కర్ల్ 10, మైఎస్‌క్యూఎల్ సెలెక్ట్‌లకు మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ 20,000 మిల్లీసెకన్లు, ఎఫ్‌పీఎం టెర్మినేట్ 50, ఇంజిన్‌ఎక్స్ 60. మైఎస్‌క్యూఎల్ హద్దు వదిలేయొద్దు. ఎఫ్‌పీఎం వర్కర్‌ను చంపినా అటువైపు క్వెరీ సాధారణంగా ఫలితం పంపబోయేదాకా నడుస్తూనే ఉంటుంది, షో ప్రాసెస్‌లిస్ట్‌లో కనిపిస్తుంది. మరియాడీబీ అయితే ఆ సెట్టింగ్ పేరు మ్యాక్స్ స్టేట్‌మెంట్ టైమ్, లెక్క సెకన్లలో. ఆ తేడా చూడక 20,000 పెడితే అయిదున్నర గంటలు అవుతుంది.

పరీక్షించేటప్పుడు స్లీప్ 70 రాసి చూస్తే పీహెచ్‌పీ మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ 30 ఆపలేదేమిటని ఆశ్చర్యపోవద్దు. లినక్స్‌లో అది స్క్రిప్టు తాను నడిచిన సమయాన్నే లెక్కిస్తుంది. స్లీప్, డేటాబేస్ కోసం వేచిన సమయం అందులోకి రావు. పై అంకెలతో ఆ స్లీప్ పేజీకి 50వ సెకనుకు 502 (వెనకున్న వర్కర్ జవాబివ్వకుండానే పోయింది) రావాలి. 60కి 504 వచ్చిందంటే మీ టెర్మినేట్ టైమౌట్ ఆ పూల్‌కు వర్తించలేదన్నమాట. ఎడిట్ చేసిన ఫైలు నడుస్తున్న పీహెచ్‌పీ వెర్షన్‌దేనా, ఎఫ్‌పీఎంను రీలోడ్ చేశారా, ఆ రెండూ ముందు చూడండి.