చిన్నపిల్లలకు ఇంట్లోనే గౌన్లు, సంచులు కుట్టేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

తెనాలి మల్లెతీగ
మా పాపకు రెండున్నరేళ్లు. కొన్న గౌను వేసిన ప్రతిసారీ చంకల్లోనూ నడుము చుట్టూ చర్మం ఎర్రబడుతోంది. తిరగేసి చూస్తే లోపల గుడ్డ అంచు పీచులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ దారం గరుకుగా చేతికి తగులుతోంది. ఇక నేనే కుట్టాలని నిశ్చయించుకున్నాను. మా అత్తగారి తొక్కుడు మిషను బాగా నడుస్తుంది. నాకు జాకెట్టు కుట్టడం వచ్చు కానీ, ఇంత చిన్న కొలతలతో ఎప్పుడూ కుట్టలేదు. వేసవికి గౌన్లు, జూన్‌లో అంగన్‌వాడీకి ఒక సంచి కావాలి. ఏ గుడ్డ తీసుకోవాలి? ఎలా కత్తిరించాలి?

పెడన ఆడపడుచు
గుడ్డ సంగతి నేను చెబుతాను. వేసవికి మల్లు గుడ్డ, వాయిలు, పల్చటి మంగళగిరి నూలు, వీటిని మించినవి లేవు. ఇంట్లో అమ్మమ్మవో, నాయనమ్మవో పాత నూలు చీరలుంటే ముందు వాటిని తీయండి. పురిటి రోజుల్లో బిడ్డకు కొత్త బట్ట వేయకుండా పాత చీరల గుడ్డలే వాడటం మన ఇళ్లలో ఉన్నదే కదా. ఎన్నో ఉతుకులు చూసిన నూలు అంత మెత్తగా మరేదీ ఉండదు. గంజి వదిలిపోతుంది, కుదించుకుపోయేదంతా ముందే కుదించుకుపోయి ఉంటుంది.

కొత్త నూలు గుడ్డ కొంటే మాత్రం కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. ఈ పని దాటవేస్తే తొలి ఉతుక్కే గౌను మోకాళ్ల పైకి వెళుతుంది.

మా ఊరి కలంకారీ పిల్లలకు చాలా బాగుంటుంది. అయితే అసలైన అచ్చు పనికీ, అదే డిజైనుతో రసాయన రంగులు వేసిన స్క్రీన్ ప్రింటుకూ తేడా తెలుసుకుని కొనండి. అసలు పనిలో గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచుతారు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెడతారు. ఎరుపు పట్టడానికి పటిక వాడతారు. చెక్క అచ్చు చేత్తో వేసేది కాబట్టి పువ్వుకూ పువ్వుకూ మధ్య కొంచెం ఎడం తేడా కనిపిస్తుంది. నాకు ఆ తేడాయే ఇష్టం.

ఖమ్మం సుధ
రంగు దిగకుండా మొదటిసారి ఉప్పు నీళ్లలో నానబెట్టమని మా ఇంట్లో చెబుతారు. పిల్లల గుడ్డలకు నేను అలాగే చేస్తున్నాను.

పెడన ఆడపడుచు
సుధగారూ, అద్దకం పూర్తయిన గుడ్డకు ఉప్పు పెట్టినంత మాత్రాన రంగు నిలవదండి. అదనంగా ఉన్న రంగు పోయేదాకా విడిగా ఉతకడమే దారి. నీళ్లు తేటగా వచ్చాకే కత్తెర పట్టండి. చిన్నపిల్లలు కాలరు, బొందులు నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దర్జీ బాబాయి, ఏలూరు
అమ్మా మల్లెతీగా, జాకెట్టు వచ్చినవారికి గౌను పెద్ద పని కాదు. కానీ పెద్దవాళ్ల కొలతలను తగ్గించి కత్తిరిస్తే మాత్రం కుదరదు. ఏడాది బిడ్డకు తల చుట్టుకొలత, ఛాతీ చుట్టుకొలత దాదాపు సమానం, రెండూ సుమారు 18 అంగుళాలు. మీ పాప వయసుకు తల 19 దగ్గర ఉంటుంది. మెడ అందులో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. మెడకు సరిపోయేలా కత్తిరిస్తే తల పట్టదు. తల పట్టేలా కత్తిరిస్తే భుజాలు జారిపోతాయి. అందుకని మెడను చిన్నదిగానే ఉంచి, వెనక నాలుగు అంగుళాల చీలిక ఇచ్చి ఒక గుండీ పెట్టండి. కాజాకు బదులు దారంతో ఉచ్చు అల్లినా చాలు.

ఇంకొకటి, ఈ వయసులో పొట్ట ముందుకు ఉంటుంది, నడుము ఉండదు. నడుము దగ్గర అతుకు వేసే ఫ్రాకు అందుకే పైకి జరుగుతుంటుంది, అక్కడే ఒరుసుకుంటుంది. చంక కిందకు రాగానే పై భాగం ముగించి, అక్కడి నుంచి కుచ్చులు వదిలేయండి. పాపకు ఇప్పుడు వదులుగా ఉన్న పాత గౌనునే ఆది పెట్టుకుని దినపత్రిక మీద గీయండి. చుట్టూ అర అంగుళం కుట్టుకు, అడుగున మూడు అంగుళాలు మడతకు వదలండి. మీటరు గుడ్డ సరిపోతుంది.

దద్దుర్లకు మందు కుట్టులోనే ఉంది. రెండు ముక్కల పైవైపులూ బయటకు ఉండేలా పెట్టి అంచుకు దగ్గరగా ఒక కుట్టు వేయండి. పీచులు కత్తిరించి, తిరగేసి, లోపలి నుంచి మళ్లీ కుట్టండి. గుడ్డ అంచు లోపలే దాగిపోతుంది, ఓవర్‌లాక్ అక్కరలేదు. చంకకూ మెడకూ అదే గుడ్డను ఏటవాలుగా కత్తిరించి క్రాసు పట్టీ వేయండి. పల్చటి గుడ్డకు 11 నంబరు సూది పెట్టండి. 16 నంబరు పెడితే రంధ్రాలు పడతాయి.

తెనాలి మల్లెతీగ
బాబాయిగారూ, ఈ రెండు కుట్ల పద్ధతి పాత లంగా ముక్క మీద వేసి చూశాను. లోపల చేయి పెట్టి తడిమితే అసలు కుట్టు ఉన్నట్టే తెలియడం లేదు! మెడ దగ్గర గుండీకి బదులు బొందులు కట్టవచ్చా? చూడ్డానికి ముచ్చటగా ఉంటాయని.

డాలస్ అమ్మమ్మ
మెడ దగ్గర బొందులు వద్దు తల్లీ. జారుడుబల్లకో, ఉయ్యాల గొలుసుకో తగులుకుంటే మెడకు బిగుస్తాయి. ఇక్కడ అమెరికాలో పిల్లల బట్టల టోపీలకు, మెడకు లాగే తాళ్లు పెట్టవద్దని 1996లోనే వినియోగదారుల భద్రతా సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది. ముచ్చట కావాలంటే బొందును సీతాకోకచిలుక రెక్కల్లా ముడివేసి కదలకుండా గుడ్డకే కుట్టేయండి. పూసలు, ఊడే గుండీలు కూడా మూడేళ్లు దాటేదాకా పెట్టకండి. నేను గుండీని కుట్టాక గట్టిగా గుంజి చూసిగానీ మనవరాలికి వేయను.

దీపావళికి వలగుడ్డ, నైలాను ఫ్రాకులు కుట్టమని పిల్లలు ఎంత అడిగినా కుట్టను. నిప్పు తగిలితే ఆ గుడ్డ కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు గుడ్డ కూడా అంటుకునేదే కాబట్టి ఆ రోజుకు ఒంటికి దగ్గరగా ఉండే కురచ నూలు చొక్కా, నిక్కరు వేస్తాం.

హనుమకొండ రజిత
సంచి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 2020 నాటి కేంద్ర బడిసంచి విధానం ప్రకారం ఒకటో తరగతికి ముందున్న పిల్లలకు అసలు సంచే ఉండకూడదు. కాబట్టి మోసేందుకని పెద్దది కుట్టకండి. ఒక జత బట్టలు, చేతిరుమాలు, చిన్న గిన్నె పట్టాలి, అంతే. మా బాబుకు పది అంగుళాల ఎత్తు, తొమ్మిది అంగుళాల వెడల్పుతో వాళ్ల నాన్న పాత జీన్సు కాలితో కుట్టాను. కాలి గుడ్డ అప్పటికే గొట్టంలా ఉంటుంది కనుక పక్క కుట్టు పని తప్పుతుంది. అడుగు కుట్టాక రెండు మూలలనూ త్రికోణంగా పట్టుకుని అడ్డంగా మూడు అంగుళాల కుట్టు వేస్తే సంచి నిలబడుతుంది. ఇక్కడ 16 నంబరు సూది తప్పనిసరి. నాలుగు పొరలు కలిసే చోట చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి.

భుజం పట్టీలు ఒకటిన్నర అంగుళం వెడల్పు ఉండాలి, లోపల పాత తువ్వాలు ముక్క పెట్టండి. పట్టీ అతికే చోట చతురస్రం కుట్టి అందులో అడ్డంగా ఇంటూ గుర్తు వేయాలి, సంచులు తెగేది అక్కడే. నీళ్ల సీసా జేబు బయట ఉండాలి. జిప్పు కొసకు చిన్న గుడ్డ తోక కుడితే పిల్లలే లాగి తీసుకోగలుగుతారు. పాపకు చదవడం రాదు కనుక సంచి మీద పేరు వద్దు, మామిడిపండో పిల్లిపిల్లో గుడ్డతో కత్తిరించి కుట్టండి, తనది తాను గుర్తుపడుతుంది. పేరు లోపల రాయండి.

ఖమ్మం సుధ
పండుగ పరికిణీ గురించి కూడా ఒక మాట. పట్టు లంగాకు నడుము పట్టీ పెడితే ఈ వయసులో నిలవదు. చేతుల్లేని నూలు బాడీ కుట్టి దానికే లంగా అతికించండి, జరీ కూడా ఒంటికి గుచ్చుకోదు. అంచు పైన రెండు మూడు టక్కులు, అంటే అడ్డంగా మడిచి కుట్టే మడతలు, వేయించుకుంటే పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు.

తెనాలి మల్లెతీగ
టక్కు విప్పితే పాత కుట్టు గీత కనబడదా సుధగారూ?

ఖమ్మం సుధ
కనబడుతుంది. మడత లోపల రంగు కూడా కొంచెం కొత్తగా ఉంటుంది. ఆ గీత మీద అంచు రంగులోనే సన్నని లేసు పట్టీ కుట్టేయండి. నేను లంగా కుట్టేటప్పుడే ఆ లేసు రెండు మీటర్లు అదనంగా కొని బాడీ లోపలి జేబులో మడిచి పెడతాను, తర్వాత అదే రంగు దొరకడం కష్టం.